యుద్ధం వార్తల్లో ఇంటి దగ్గర మిగిలినవాళ్ళ పేర్లేవీ?

ఎడిటర్ గారికి నమస్కారం.

2025 మే నెలలో ఆపరేషన్ సిందూర్ జరిగినప్పుడు మీ పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వదలకుండా చదివాను. మా అబ్బాయి ఆర్మీలో ఉన్నాడు, సెలవు మీద ఇంటికొచ్చి సగం రోజులైనా గడవకముందే వెంటనే బయల్దేరమని ఫోనొస్తే అదే రాత్రి శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో రైలెక్కించి వచ్చాం, ఆ టెన్షన్‌లో పేపరు తప్ప ఇంకేదీ నమ్మబుద్ధి కాలేదు (వాట్సాప్‌లో వచ్చేవి చూస్తే ఉన్న ధైర్యం కూడా పోయేది). డ్రోన్లని ఎలా కూల్చారో రాశారు, మ్యాపులు వేశారు, మే 7న విశాఖలో మాక్ డ్రిల్ చేస్తే దాని సంగతీ రాశారు, జిల్లా పేజీలో డ్యూటీకి తిరిగి వెళ్తున్న జవాన్లకి స్టేషన్లో దండలేసిన ఫొటో కూడా వేశారు. ఆ ఫొటోలో ఒక పక్కన సంచులు పట్టుకుని ముగ్గురో నలుగురో ఆడవాళ్ళున్నారు. కింద దండలేసిన పెద్దలందరి పేర్లూ ఉన్నాయి, వీళ్ళ పేర్లు లేవు, రైలు వెళ్ళిపోయాక వీళ్ళు ఇంటికెళ్ళి ఏం చేస్తారో ఎవరూ అడిగినట్టు లేదు.

ఇది ఒక్క మీ పేపరు సంగతి కాదు. అన్ని పేపర్లూ, టీవీలూ అంతే, పుస్తకాలు కూడా అంతే. యుద్ధం అంటే సరిహద్దు దగ్గర జరిగేది, ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు ఎదురుచూస్తూ ఏడుస్తూ కూర్చునేవాళ్ళు, అంతవరకే మనం రాసుకున్నాం. ఏడ్చే తీరిక ఎవరికుంది? మా శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళలో యుద్ధకాలం అంటే ఆడవాళ్ళకి రెండింతల పని. ఆ పని లెక్క ఎక్కడా లేదు, ఆ లెక్క చెప్పగలిగినవాళ్ళు ఒక్కొక్కరే పోతున్నారు, అందుకే ఈ ఉత్తరం.

రంగం నుంచి మొదలుపెడతాను. మా అమ్మమ్మ కాలంలో ఈ జిల్లాల్లో ఊరూరా మగవాళ్ళు రంగం వెళ్ళేవారు, బర్మాలోని రంగూన్‌ని మా వైపు అలాగే అంటారు. కళింగపట్నం, భీమిలి, విశాఖ రేవుల్లో స్టీమరెక్కి వెళ్ళి అక్కడ హార్బరులో మూటలు మోసేవారు, బియ్యం మిల్లుల్లో పనిచేసేవారు, రిక్షాలు లాగేవారు. 1931 జనాభా లెక్కల నాటికే రంగూన్‌లో సగానికి పైగా మన దేశం వాళ్ళే, అందులో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఇక్కడ పొలం, పశువులు, ముసలివాళ్ళు, పిల్లలు అన్నీ ఆడవాళ్ళ చేతుల మీద నడిచేవి, మధ్యమధ్యలో మనియార్డరు వచ్చేది. అంటే యుద్ధం రాకముందే మా ఊళ్ళు మగవాళ్ళు లేకుండా బతకడం నేర్చుకున్నాయి, ఇది మా ప్రాంతం గురించి రాసేవాళ్ళు ఎందుకో చెప్పరు.

1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి. హార్బరు కూలీలు చాలామంది అక్కడికక్కడే పోయారు. 1942 మార్చి 8 నాటికి ఊరు జపాన్ వాళ్ళ చేతికి వచ్చేసింది. స్టీమరు దొరికినవాళ్ళు స్టీమరెక్కారు, దొరకనివాళ్ళు అరకాన్ కొండల మీంచి చిట్టగాంగ్‌కి, లేదా తమూ దాటి మణిపూర్‌కి నడిచారు. నాలుగైదు లక్షల మంది అలా బర్మా వదిలి వచ్చారని చరిత్ర పుస్తకాల్లో ఉంది, కలరాతో, మలేరియాతో, ఆకలితో దారిలో పోయినవాళ్ళు వేలల్లో ఉన్నారని కూడా ఉంది. అదంతా నడిచినవాళ్ళ కథ. ఇక్కడ ఉన్నవాళ్ళ కథ మా అమ్మమ్మ చెప్పేది, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు సాయంత్రం చోళ్ళు (రాగులు) చేటలో చెరుగుతూ చెప్పేది. మనియార్డరు ఆగిపోయింది. ఉత్తరం లేదు. మా తాతయ్య ఉన్నాడో లేడో తెలియదు. ఊళ్ళో అలాంటి ఇళ్ళు ఇంకా ఉన్నాయి, ఆ ఆడవాళ్ళు బొట్టు ఉంచుకోవాలా తియ్యాలా ఎవరూ చెప్పలేరు, పెద్దవాళ్ళు కూడా చెప్పలేకపోయారట, కొందరు ఏళ్ళ తరబడి అలాగే ఉంచుకున్నారు. ఈలోగా వానలు పడ్డాయి. వాన పడ్డాక పొలం ఎవరి కోసమూ ఆగదు కదా. నాగలి తోలే మగమనిషి లేడు, కూలికిద్దామంటే చేతిలో కాణీ లేదు, అప్పుడు అమ్మమ్మ, ఆవిడ తోటికోడలు కలిసి ఒక ఒప్పందం చేసుకున్నారు: ఎద్దులున్న వాళ్ళ పొలంలో వీళ్ళిద్దరూ నాలుగు రోజులు ఉభాలు నాటితే వాళ్ళు వీళ్ళ పొలంలో ఒక రోజు దమ్ము పట్టాలి. ఎనిమిది పనిదినాలకి ఒక్క రోజు నాగలి! అది అన్యాయం అని ఆవిడ ఎప్పుడూ అనలేదు. "ఏటి సేత్తామే, పిల్లలకి గంజైనా పొయ్యాల కదా" అనేది. తాతయ్య ఆ వానాకాలం చివర్లో వచ్చాడు, జ్వరం పట్టుకుని మరో ఏడాది మంచంలోనే ఉన్నాడు, అంటే మనిషి తిరిగొచ్చాక కూడా పొలం పని ఆవిడదే, పైగా మంచం పట్టిన మనిషికి చాకిరీ. తాతయ్య నడిచొచ్చిన కథ మా చుట్టాల్లో అందరికీ తెలుసు. ఎనిమిది పనిదినాల కథ నాకు తెలుసు, మా అమ్మకి తెలుసు, అంతే.

అదే 1941 డిసెంబరులో బ్రిటన్‌లో చట్టం చేసి 20 నుంచి 30 ఏళ్ళ లోపు పెళ్ళికాని ఆడవాళ్ళు యుద్ధ సేవకి రావాలన్నారు, ఫ్యాక్టరీకో సైన్యంలో సహాయ దళాలకో. పొలం పనులకి విమెన్స్ లాండ్ ఆర్మీ అని పెట్టారు, దానిలో 80 వేల మందికి పైగా చేరారు, యూనిఫాం ఇచ్చారు, పోస్టర్లు వేశారు. మా అమ్మమ్మకి ఎవరూ యూనిఫాం ఇవ్వలేదు, ఆవిడ పంట మాత్రం కంట్రోలు ధరకి కొన్నారు.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఇది తెలిసినవాళ్ళు తక్కువ, మన పిల్లల పాఠాల్లో పెర్ల్ హార్బర్ ఉంటుంది కానీ విశాఖ ఉండదు. అదే రోజుల్లో బంగాళాఖాతంలో 20కి పైగా సరుకు ఓడల్ని జపాన్ వాళ్ళు ముంచేశారు. విశాఖ నుంచి జనం ట్రంకుపెట్టెలు, పరుపుచుట్టలు పట్టుకుని రైళ్ళలో, ఎడ్లబళ్ళ మీద లోపలి ఊళ్ళకి వచ్చేశారు. విజయనగరంలో చుట్టాలున్నవాళ్ళు విజయనగరం, ఇంకా లోపల ఊరున్నవాళ్ళు ఆ ఊరు. మా ఇంటికి అలా వచ్చినవాళ్ళు దసరా దాకా ఉన్నారట. ఇంట్లో ఆరుగురికి వండే మనిషి ఇరవై మందికి వండింది, నుయ్యి నుంచి నీళ్ళు తోడింది, బాలింతకి పథ్యం చూసింది, ఊళ్ళో అందరిళ్ళలోనూ ఇదే పని. వచ్చినవాళ్ళకి క్యాంపులు సర్కారు పెట్టలేదు, మా ఊళ్ళ వంటిళ్ళే క్యాంపులు అయ్యాయి.

పైగా సరుకు ఎక్కడుంది? బర్మా బియ్యం రావడం ఆగిపోయింది. కిరసనాయిలు దొరకలేదు. 1943లో బట్టల మీద కంట్రోలు పెట్టారు, చీర చిరిగితే రెండు పాత చీరల్లో బాగున్న ముక్కలు కలిపి కుట్టుకుని కట్టుకునేవారు, బయటికి వెళ్ళాల్సి వస్తే తోటికోడళ్ళిద్దరూ ఒకే చీర మార్చుకుని వెళ్ళేవారు. చిల్లర కూడా దొరకలేదు, లోహం ఆదా చేయడానికి 1943 నుంచి నడుమ చిల్లు ఉన్న కానీలు వేశారు, అమ్మమ్మ వాటిని మొలతాడు దారానికి గుచ్చి వంటింట్లో ఉప్పుకుండ వెనక దాచేది. ఆ దండ ఇప్పుడు నా దగ్గర ఉంది. పక్కన బెంగాల్లో ఆ ఏడాది వచ్చిన కరువుకి 30 లక్షల మంది దాకా చచ్చిపోయారు. మా ఊళ్ళో ఆకలితో ఎవరూ పోలేదంటే దానికి కారణం చోడి అంబలి, దాన్ని పొదుపుగా పంచిన ఆడవాళ్ళు. అందరూ తిన్నాక మిగిలింది వాళ్ళు తాగేవారు, మిగలని రోజు అదీ లేదు.

ఇంక నార సంగతి. యుద్ధానికి ఇసుక బస్తాలు కావాలి, ధాన్యం బస్తాలు కావాలి, అంటే గోనె కావాలి. మా రెండు జిల్లాల గోగునార ప్రపంచం మార్కెట్‌లో భీమిలి జూట్ అనే పేరుతో అమ్ముడయ్యేది, నెల్లిమర్ల, చిట్టివలస మిల్లులు దాని మీదే బతికాయి. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో ముంచి పైన రాళ్ళూ మట్టీ పెట్టి రెండు మూడు వారాలు కుళ్ళబెడతారు. ఆ తర్వాత ఒక్కొక్క పుల్ల తీసి మొదట్లో నార విడదీసి బొటనవేలుతో తోసుకుంటూ చివరిదాకా ఒలవాలి, నీళ్ళలో జాడించి, దండెం మీద ఆరెయ్యాలి. నేను కూడా చిన్నప్పుడు మా అమ్మ పక్కన కూర్చుని ఒలిచాను. చేతులు తెల్లగా ముడతలు పడిపోతాయి, గోళ్ళ సందుల్లో నలుపు చేరిపోతుంది, ఆ కంపు నాలుగు రోజులు సబ్బుకి కూడా పోదు, అన్నం కలుపుకుంటే అన్నానికి కూడా వస్తుంది. ఒలిచినదానికి కూలి కూడా కొన్నిచోట్ల ఆ ఎండు పుల్లలే, పొయ్యిలోకి. ఇటు గరివిడి, గర్భాం వైపు వెళ్తే మాంగనీసు గనులు, ఉక్కు చేయాలంటే మాంగనీసు తప్పనిసరి, ఆ రాయి కొట్టి ఏరి తట్టల్లో మోసినవాళ్ళలో ఆడకూలీలు ఉన్నారు. నార మిల్లు గురించి, గని గురించి రాసినప్పుడు యజమాని పేరు, టన్నుల లెక్క రాస్తారు. తట్ట మోసిన మనిషి ఆ లెక్కలోకి ఎప్పుడు వస్తుంది?

దేశం మొత్తం మీద కూడా అంతే జరిగింది. బొగ్గు గనుల్లో భూమి లోపల ఆడవాళ్ళు పనిచేయకూడదని ముందే నిషేధం ఉండేది, 1943లో బొగ్గు చాలక ఆ నిషేధం ఎత్తేశారు, ఆడవాళ్ళని మళ్ళీ లోపలికి దింపారు, 1946లో అవసరం తీరాక మళ్ళీ నిషేధం పెట్టారు. లోపల పని ప్రమాదం అన్నది నిజమే, నిషేధం ఉండాల్సిందే. కానీ ప్రమాదం 1943లో కూడా ఉంది కదా. అవసరం పడితే ప్రమాదం కనపడలేదు, అవసరం తీరాక వాళ్ళకి వేరే పని చూపించాలన్న ఆలోచన రాలేదు. అన్ని దేశాల్లోనూ ఈ తంతు ఇలాగే నడిచింది, మగవాళ్ళు తిరిగొచ్చారు, ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళని చాలామందిని ఇంటికి పంపేశారు, బ్రిటన్‌లో సమాన వేతనం చట్టం 1970లో గానీ రాలేదు, మన దేశంలో 1976లో వచ్చింది. చట్టం వచ్చింది సరే, ఉభాల కూలి ఈరోజు కూడా మగవాళ్ళకి ఒకటి, ఆడవాళ్ళకి ఒకటి. ఏ ఊరికైనా వెళ్ళి అడగండి.

ఒక్క విషయంలో మాత్రం బ్రిటన్ వాళ్ళని మెచ్చుకోవాలి. మొదటి ప్రపంచయుద్ధం ఇంకా జరుగుతుండగానే 1917లో యుద్ధ మ్యూజియం మొదలుపెట్టి, దానిలో ఆడవాళ్ళ పని గురించి సేకరించడానికి ఒక ఉపసంఘం వేశారు. ఫొటోలు, యూనిఫాంలు, ఉత్తరాలు అప్పుడే పోగుచేశారు. రెండో యుద్ధంలో మామూలు గృహిణుల చేత డైరీలు రాయించారు, ఈరోజు ఏం వండారు, ఎంతసేపు క్యూలో నిలబడ్డారు అన్నీ. అయినా లండన్‌లో ఆ ఆడవాళ్ళకి స్మారకం కట్టేసరికి 2005 అయింది. ఆ కంచు దిమ్మె చుట్టూ 17 రకాల పనిబట్టలు కొక్కేలకి తగిలించినట్టు చెక్కారు. అంత రాసుకున్న దేశంలోనే 60 ఏళ్ళు పడితే, ఏమీ రాసుకోని మనకి ఎన్నేళ్ళు పడుతుంది?

1962లో చైనా యుద్ధానికి ఆడవాళ్ళు ఒంటి మీద బంగారం తీసి రక్షణ నిధికిచ్చారు, 1965లో శాస్త్రి గారు వారానికి ఒక పూట మానమంటే మానారు, ఇవి అందరికీ తెలిసినవే. 1971 డిసెంబరులో పాకిస్తాన్‌తో యుద్ధం వచ్చినప్పుడు మాత్రం మా అత్తగారికి ఇద్దరు పిల్లలు, మామగారు సైన్యంలో, ఆవిడ పుట్టింటివాళ్ళు విశాఖలో. పాకిస్తాన్ వాళ్ళ ఘాజీ జలాంతర్గామి మునిగిపోయింది విశాఖ తీరం దగ్గరే కదా, ఊరంతా చీకటి, కిటికీలకి నల్లకాగితాలు, ఆవిడకి ఇటు మొగుడి గురించి భయం, అటు తల్లిదండ్రుల గురించి భయం, కానీ ఆవిడ ఆ నెల గురించి చెప్పమంటే మొదట చెప్పేది కళ్లం గురించి. నూర్పులు ఆ నెలలోనే. రాత్రి చలిలో కళ్లం దగ్గర పడుకుని ధాన్యానికి కాపలా కాశారట, అత్తాకోడళ్ళిద్దరూ. అదే డిసెంబరులో గుజరాత్‌లో భుజ్ పక్కన మాధాపర్ అనే ఊరి ఆడవాళ్ళు 300 మంది, బాంబులకి పాడైన వైమానిక దళం రన్‌వేని 72 గంటల్లో బాగుచేసి ఇచ్చారు, శత్రువిమానాలకి కనపడకుండా ఆవుపేడతో అలికారు కూడా. వాళ్ళ సంగతి దేశమంతా తెలిసింది, తెలియాల్సిందే. కళ్లం కాపలా కూడా యుద్ధం పనే అని నా అభిప్రాయం, ఎందుకంటే ఆ ధాన్యం లేకపోతే మామగారు తిరిగొచ్చేసరికి ఇల్లు ఉండేది కాదు.

నా సంగతి కూడా కొంచెం రాస్తాను, దీనిలో గొప్పేం లేదు, మా మండలంలో ఇలాంటి ఇళ్ళు ఎన్నో. 1999లో కార్గిల్ యుద్ధం జరుగుతున్నప్పుడు మా ఆయన జమ్మూ వైపు ఉన్నారు. ఎస్టీడీ బూత్‌కి ఫోనొస్తే బూత్ కుర్రాడు సైకిల్ మీద వచ్చి పిలిచేవాడు, నేను పొలంలో ఉంటే పరిగెత్తుకుని వెళ్ళేలోపు లైను కట్టయిపోయేది. అది జూన్, జూలై, మాకు ఆకుమడి వేసే కాలం. కాలువ నీళ్ళ వంతు మాకు రాత్రిపూట వచ్చేది. పిల్లాణ్ణి అత్తగారి దగ్గర పడుకోబెట్టి, టార్చిలైటు, పార పట్టుకుని గట్టు మీద కూర్చునేదాన్ని, పై పొలంవాళ్ళు మదుం (నీళ్ళొచ్చే తూము) మూసేస్తే వెళ్ళి తెరవాలి, మగదిక్కు లేని ఇల్లని తెలిసి మూసేవారు కూడా. ఒకసారి గట్టిగా అడిగితే "మీ ఆయన్ని రమ్మను, మాట్లాడతాం" అన్నారు. ఆయన ఎక్కడున్నాడో ఊరందరికీ తెలుసు.

ఆ తర్వాత పంట లోను రెన్యువల్‌కి వెళ్తే బ్యాంకులో పాసు పుస్తకం ఎవరి పేరున ఉందన్నారు. మా ఆయన పేరున. ఆయనే వచ్చి సంతకం పెట్టాలి. యుద్ధంలో ఉన్నారండీ అన్నాను. రూలు అన్నారు, ఆ గుమాస్తాని కూడా తప్పుపట్టలేను. ఆ ఏడాది బయట వడ్డీకి తెచ్చాను. ఆయన సర్వీసు ఉన్నన్నాళ్ళూ ఆ పొలం దున్నించింది, నాటించింది, కోయించింది, అమ్మింది నేను, కాగితాల్లో మాత్రం నేను రైతుని కాదు. రంగం కాలంలో అమ్మమ్మ కూడా కాదు. ఇప్పుడు మా కోడలు కూడా కాదు, ఈ పొలం మేం మా అబ్బాయి పేరున రాశాం, వాడు మొన్న మళ్ళీ సరిహద్దుకి వెళ్ళాడు, మొన్నటి వానలకి గట్లు తెగితే ఆ పిల్లే వెళ్ళి కట్టించింది. ఈసారి మాత్రం ఊరుకోం, వాడు సెలవుకి రాగానే ఇద్దరి పేరునా పెట్టించాలని నేనూ మా ఆయనా అనుకున్నాం. ప్రతి జవాను ఇంట్లోనూ ఈ పని చేయాలని మీ పేపరు ద్వారా అడుగుతున్నాను. అధికారులు కూడా సైనికుల కుటుంబాల్లో సాగు చేసే భార్యల పేర్లు చేర్చడానికి ప్రత్యేకంగా ఒక వారం పెట్టి ఊళ్ళకి రావచ్చు కదా, రీసర్వేకి వచ్చినట్టు.

మీకు చేస్తున్న విన్నపం ఇది. మీ జిల్లా ఎడిషన్‌లో కొన్ని ఆదివారాలు ఒక అర పేజీ ఈ ఆడవాళ్ళకి ఇవ్వండి. 1942లో పదేళ్ళ పిల్లకి ఇప్పుడు తొంభై దాటాయి, అలాంటివాళ్ళు మా మండలంలో ఒకరిద్దరు మిగిలారేమో. 1971లో కొత్తకోడళ్ళుగా ఉన్నవాళ్ళకి డెబ్బై అయిదు వచ్చాయి, వాళ్ళకి ఇంకా అన్నీ గుర్తున్నాయి. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ పిల్లలు, డిగ్రీ కాలేజీల పిల్లలు సెల్‌ఫోన్‌లో రికార్డు చేసినా చాలు. ఒక్కటే మాట, వెళ్ళేవాళ్ళు "ఎంత బాధపడ్డారమ్మా" అని మొదలుపెట్టొద్దు, అలా అడిగితే వాళ్ళు కళ్ళు తుడుచుకుని ఊరుకుంటారు, ఏమీ చెప్పరు. ఏ పని చేశారు, కూలి ఎంత, గింజలిచ్చారా డబ్బులిచ్చారా, నాగలి ఎవరు తోలారు, మనియార్డరు ఎన్నాళ్ళకి వచ్చేది, ఎవరి దగ్గర బాకీ చేశారు, ఎలా తీర్చారు, ఇవి అడగండి. ఇళ్ళలో ఇన్‌లాండ్ లెటర్లు ఉంటాయి, మనియార్డరు కూపన్లు ఉంటాయి, ఆ కింద రెండు లైన్లు రాసుకునే చోటు ఉండేది కదా, అందులో ఏం రాశారో చూడండి, ఫొటో తీసుకోండి, అసలుది మాత్రం ఇంట్లోనే వదిలెయ్యండి.

మా ఊరికి ఎవరైనా వస్తానంటే ముందు మా అత్తగారి దగ్గరికి నేనే తీసుకెళ్తాను, ఆ వీధిలో ఇంకో నలుగురున్నారు. మధ్యాహ్నం భోజనాల తర్వాత రమ్మనండి, పొద్దున్న పూట అయితే అందరూ పొలంలో ఉంటారు.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి భార్య, జవాను తల్లి,
ఆమదాలవలస మండలం, శ్రీకాకుళం జిల్లా.